మగ్గం చప్పుడు చేసే కారు

జులై 11, శుక్రవారం

ఆఫీసు నుంచి వస్తూ గల్లీ మలుపు తిరిగానో లేదో, నట్టనడుమ నాయిన. చేతిలో పాల ప్యాకెట్, తన లోకంలో తను. హారన్ కొట్టా. ఇంకోసారి కొట్టా. ఎదురింటి వాళ్లు బయటికొచ్చి చూశారు గానీ ఆయన తల తిప్పలేదు. బ్రేకు మీద నిలబడ్డా. బంపర్‌కీ ఆయన పిక్కలకీ మధ్య జానెడు... అంతే. అప్పుడు చూసి నా మీదే అరిచాడు. "నీ బండికి నోరు లేదా? దొంగ లెక్క ఎనుకకెంచి వస్తది!"

పాత డీజిల్ బండి గల్లీ మొదట్లోనే దడదడలాడేది. ఈ ఎలక్ట్రిక్‌ది పిల్లిలా వస్తుంది. తప్పు బండిదా, ఆయన చెవులదా?

జులై 12, శనివారం

కారు తెరలో చప్పుళ్లకు వేరే పేజీ ఉంది! కొని నాలుగు నెలలైంది, ఒక్కసారి తెరిచిన పాపాన పోలేదు. హారన్‌కు మూడు గొంతులు. తాళం వేసినప్పుడు వచ్చే చప్పుడుకు ఎనిమిది — గంట, నీటిచుక్క, పిట్ట... ఒకటైతే అచ్చం తుమ్మినట్టే. గంటసేపు అందులోనే. అమ్మ వచ్చి అద్దం మీద కొట్టింది. "బువ్వ తినవా? కార్లనే కాపురం పెడ్తవా ఏంది?"

జులై 13, ఆదివారం

పొద్దున పరీక్ష. ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌కు చేసే పనే — ఒకటి నొక్కు, ఏమైందో రాయి. నాయిన అరుగు మీద పేపర్ చదువుతున్నాడు, వీపు ఇటు.

హారన్ ఒకటి — లేదు. రెండు — లేదు. మూడు — కుక్క లేచింది, ఆయన లేవలేదు. గంట, పిట్ట, తుమ్ము... ఊహూఁ.

విసుగొచ్చి డోర్ ధడాలున వేశా. తిరిగి చూశాడు! "మెల్లగ ఎయ్యి, ఇరుగుతది."

అంటే సన్న చప్పుళ్లు పోతున్నాయి, లావు చప్పుళ్లు అందుతున్నాయి. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ షెడ్డులో నిలబడ్డ చెవులు మరి.

జులై 16, బుధవారం

చెవుల దవాఖానకు పోదామని నాయినతో అన్నా. "నాకేం బీమారి? నీ బండిని తీస్కపో." మాట అక్కడితో సరి.

జులై 19, శనివారం

తాళం చప్పుడుకు మన సొంతది పెట్టుకోవచ్చు! పెన్‌డ్రైవ్‌లో వేసి గుచ్చడమే. ఐదు సెకన్లు మించొద్దు. హారన్‌కు మాత్రం కుదరదు, కంపెనీ ఇచ్చిన మూడే. పోనీ, ముందు తాళం. ఆయన చెవికి ఏది అందుతుందో తేలితే సగం పని అయినట్టే. మిగతాది తర్వాత.

లావు చప్పుడు... డప్పు? రోకలి?

జులై 20, ఆదివారం

ఎక్కడెక్కడో వెతుకుతున్నా, గోడ అవతలే ఉంది! కనకయ్య కాక జంపఖానాలు నేసే మగ్గం. పోగుల మధ్య దారం మోసే నాడె ఇటు పోతే టక్, అటు పోతే టక్, ఆపైన దడ్‌మని దెబ్బ. నేల అదురుతుంది. ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుంటే కాకకు ఒకటే నవ్వు. "మగ్గాలమ్మి కార్లు కొంటిరి, ఇగ కార్లల్ల మగ్గాలు పెడ్తరా? జర మంచిగ పట్టు బిడ్డా, నా దెబ్బ గట్టిది."

ఏడుసార్లు తీశా. ఆరింటిలో కాక దగ్గు.

జులై 24, గురువారం

ఎంత పని చేశాను!

మధ్యాహ్నం మడికొండలో, ఆఫీసు పార్కింగ్‌లోనే ఫైల్ ఎక్కించా. ఇంటికొచ్చేదాకా ఒకటే ఆత్రం. కారు గోడకు ఆనించి పెట్టి తాళం నొక్కా. టక్-టక్-దడ్. లోపల మంచం మీదున్న నాయిన చటుక్కున లేచాడు. విన్నాడు! నేను సంబరపడేలోపే చెప్పులైనా లేకుండా కాక గుమ్మం ముందుకు పోయి కేకలు.

"అమాస నాడు మగ్గం మీద కూసుంటవురా? సిగ్గు లేదా?"

అమావాస్య! ఈ గల్లీలో ఆ రోజు ఎవరూ మగ్గం ముట్టరు. నాకు గుర్తుంటే కదా, నా క్యాలెండర్‌లో ఉన్నవి శని, ఆదివారాలే.

కాక చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉంది. "నేనేడ నేసిన్నే అన్నా? మా తాత కాన్నుంచి ఒక్క అమాస తప్పలే. గంత మాటంటవా?"

"అబద్ధమెందుకు? గీ గల్లీల మిగిలిందే నీ ఒక్క మగ్గం. ఇంకెవరిది ఇనవడ్తది?"

"ఒక్కటేంది? మీకు అటు పక్కింట్ల నాలుగు పవర్‌లూములు దినాం నడుస్తలేవా?"

నాయిన ఆగిపోయాడు. "అవి ఎన్నడో బందైనయ్ గద..."

నేను పోయి కారు తెరిచి, మళ్లీ తాళం వేశా. టక్-టక్-దడ్. "నేనే కాకా. తప్పు నాదే." కాక బండిని చూశాడు, నన్ను చూశాడు. తిట్టినా బాగుండేది. లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

జులై 25, శుక్రవారం

పొద్దున్నే నాయిన అటు పక్కింటి గుమ్మంలో. లోపల లూములు నడుస్తున్నాయి. నాకు చెవులు దిమ్మెక్కుతున్నాయి, ఆయన దారాల దిక్కే చూస్తున్నాడు.

"ఈడికొస్తే జరంత గుయ్యిమంటాంది బిడ్డా. ఇంట్ల కూసుంటే ఏం లేదు. ఒక్కొక్కటే మూతపడ్తానయ్ అనుకున్న. మనోళ్ల పని అయిపోయిందని లోపల్లోపల ఏడ్సిన."

ఎన్నాళ్లుగానో! నేనేమో ఆయనకు బండి వినపడటం లేదని బెంగపడుతున్నా. ఆయనకు గల్లీ మొత్తం చచ్చిపోతున్నట్టుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం వేళ్లు చూపిస్తూ నవ్వుతున్నాడు. "నాలుగుకు నాలుగు నడుస్తానయ్!"

జులై 26, శనివారం

నాయిన తనంతట తనే కాక ఇంటికి పోయాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఇద్దరూ టీ తాగారట.

జులై 27, ఆదివారం

నాయినే అడిగాడు. "నాకు ఏమేం ఇనవడ్తలేవో అన్నీ రాసియ్యి. దవాఖానల సూపెడ్త." ఎగిరి గంతేసి కూర్చున్నా. హారన్ మూడు రకాలు. ఫోన్. కుక్కర్ విజిల్. తలుపు బెల్లు. పక్కింటి లూములు... పదకొండు తేలాయి.

అమ్మ నా భుజం మీది నుంచి చదివింది. కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ చదివింది.

"నన్ను రాయలేదేంది?"

"నిన్నెందుకమ్మా?"

"పిలిస్తే పలుకడాయె. పొగరనుకున్న. ఎన్నేండ్లాయెనో... నేను గూడ పిలుసుడు బంద్ చేసిన."

పరీక్షించకుండా ఎట్లా రాయను? ఆయన అరుగు మీదే ఉన్నాడు, వీపు ఇటు. వెనుక నిలబడి ఒక్కసారి పిలువమన్నా.

గడప దాకా పోయింది. అక్కడే ఆగి నా దిక్కు చూస్తోంది. "ఏమని పిల్వాలె?" అంటోంది.