ఫారంలో రాసిన నిజం

మంగళవారం, పడుకోబోయే ముందు

మా ఆఫీసు మెయిల్ సర్వర్ ఐపీని ఈ మధ్యాహ్నం స్పామ్ పంపే సర్వర్ల బ్లాక్‌లిస్టులోంచి తీసేశారు. మూడు రోజులుగా తిరిగొస్తున్న మెయిళ్లు మళ్లీ చేరుతున్నాయి. అయినా నాకు నిద్ర పట్టేలా లేదు.

తీసేయమని అడిగే ఫారంలో, స్పామ్ ఎలా వెళ్లిందో రాయమన్నారు. నిజమే రాశాను. టెస్టింగ్ కోసం నేను తెరిచిన ఖాతాకు ‘1234’ అని పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఖాతా తీసేయడం మరిచిపోయాను; స్పామ్ పంపినవాళ్లు అందులోంచే దూరారు. ముక్కూ మొహం తెలియని వాళ్లకు రాసిన ఆ మాట బెంగాలీ పద్ధతిలో అందరం ‘దాదా’ అని పిలిచే మా మేనేజర్‌కు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. డిస్పాచ్ సెక్షన్‌లోని అప్పారావు గారి పాస్‌వర్డ్ ఎవరో కొట్టేశారన్నాను.

సాయంత్రం అప్పారావు గారే నా బల్ల దగ్గరికొచ్చారు. ముప్పయ్యేళ్లుగా టికియాపారా బస్తీ నుంచి ఈ ఆఫీసుకు వస్తున్న మనిషి.

“ఏటమ్మా, నా వల్ల మూడ్రోజులు తిండి కూడా మానీసేవు. పాస్‌వర్డు కాయితమ్ముక్క మీద రాసి కళ్లజోడు డబ్బాలో ఎట్టుకున్నాను. అక్కడే ఎవుడో సూసీసుంటాడు. రేపు పొద్దున్నే దాదాకి నానే సెప్పీస్తాను.”

నేను తల ఊపాను. తల ఊపాను!

రేపు ఆయన కంటే ముందు నేను దాదా గదిలోకి వెళ్లాలి. ఫారంలో రాసిన ఆ ఒక్క వాక్యమే చెప్పాలి. ఇందాకటి నుంచి అద్దం ముందు అనుకుంటూనే ఉన్నాను. ‘టెస్టింగ్ కోసం నేను...’ దగ్గరే ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాను.