బాలమ్మ ముట్టని వైరు

బాలమ్మక్కకు నమస్కారం.

మీ అమ్మాయి స్వప్న ఇది చదివి వినిపిస్తుందని రాస్తున్నాను. సోమవారం పొద్దున గచ్చిబౌలి ఆఫీసులో మేనేజర్ గారి కంప్యూటర్ ఆగిపోయింది మీవల్ల కాదు. కంప్యూటర్‌లో రిజిస్ట్రీ అని ఒకటి ఉంటుంది. ఏది ఎక్కడుందో, దేన్ని ఎలా నడపాలో కంప్యూటర్ అందులోనే చూసుకుంటుంది. పాతవి, పనికిరానివి అనుకుని అందులో కొన్ని నేనే తీసేశాను. తీసేముందు కాపీ పెట్టుకోవాలని కొత్తవాళ్లకు చెప్పేది కూడా నేనే.

మేనేజర్ వచ్చి అడిగితే, "ఊడ్చేటప్పుడు వైరు లాగినట్టున్నారు సార్" అన్నాను. మీరు నా వైపు తిరిగి, "సార్, నువ్వన్న చెప్పరాదూ, నేను వైరు ముట్టనే లేదని" అన్నారు. నేను వంగి ఆ వైరును మళ్లీ బిగిస్తున్నట్టు నటించాను.

మధ్యాహ్నానికి ఆ కంప్యూటర్‌లోనే ఒక పాత కాపీ దొరికింది. తీసేసినవన్నీ తిరిగొచ్చాయి. మేనేజర్ నా భుజం తట్టాడు. అప్పటికే గేటు దగ్గర మీ కార్డు లాక్కున్నారు.

మీ బదులు వచ్చినామె ఏ వైరు కనబడినా ఆమడ దూరం నుంచే ఊడుస్తోంది. నాలుగు రోజులుగా నేను మేనేజర్ గది తలుపు దాకా వెళ్లి వెనక్కొస్తున్నాను. చెబితే నా ఉద్యోగం ఉండదు. చెప్పకుండా ఆ గదిలో కూర్చోలేకపోతున్నాను. అందుకే జరిగిందంతా రెండో కాగితం మీద రాశాను. దాన్ని ఆయనకు ఇవ్వండి.

దాని కింద నా పేరు మాత్రం రాయలేకపోయాను. మీకు తెలుసు కదా, స్వప్న చేత రాయించండి అక్కా.