లస్కరు పోస్టు

రిజర్వాయరు క్వార్టర్సు,
12-8-2001

మురమళ్ళలో ఉన్న వదినగారికి,

మీ ఉత్తరం అందిందండి. అన్నయ్య ఎలా పోయేడో దాచకుండా రాయమన్నారు. రాస్తున్నాను.

తూము షట్టరు ఎత్తే ఇనప కడ్డీ తుప్పు తినేసిందని అన్నయ్య మూడుసార్లు కాగితం పెట్టేడు. ఇంజనీరుగారు దానికి రంగు వేయించేరు. డ్యాము భద్రత చూడ్డానికి పెద్ద ఆఫీసర్లు వచ్చిన రోజున, వాళ్ళ ముందు షట్టరు ఎత్తమన్నారు.

"విరిగిపోద్దండీ, వద్దండీ" అన్నాడు అన్నయ్య.

"చెప్పింది చెయ్యి" అన్నారు ఇంజనీరుగారు.

కడ్డీ విరిగింది. అన్నయ్య తిప్పుతున్న షట్టరు చక్రం గిర్రున వెనక్కి తిరిగి, దాని పిడి అన్నయ్య గుండెలమీద కొట్టింది. నీళ్ళలో పడిపోయేడు. నేను పక్కనే ఉన్నాను.

సాయంత్రం ఇంజనీరుగారు నన్ను పిలిచి, "మీ అన్న తాగి ఉన్నాడని రాసి సంతకం పెట్టు. అతను చేసిన లస్కరు పోస్టు నీకే" అన్నారు. ఆయ్ అన్నాను. అన్నయ్య పెట్టెలో ఆ మూడు కాగితాల నకళ్ళుంటే, అవి కూడా ఆయనకే ఇచ్చేశాను. అన్నయ్య చుక్క ముట్టి ఎరగడని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పోయిన వారం కొత్త షట్టర్లు బిగించేరు. తేలిగ్గా లేస్తున్నాయండి.

గురువారం ఎంక్వయిరీ ఆఫీసరు మీ ఇంటికొస్తారు. మీరు వేరే మాట చెబితే నా ఉద్యోగం పోద్ది. అన్నయ్య రోజూ తాగేవాడని చెప్పండి. మీ పాప హేమని కూడా అడుగుతారట. నాన్న తాగేవాడని దానికి ముందే నేర్పించండి.

మీ మరిది