మరిగించిన చుక్కల గుడ్డ

రాజపాళయం,
మార్చి 16, సోమవారం.

చిరంజీవి ముకుంద్‌కు,

అక్క నాచ్చియార్ ఆశీర్వదించి రాసేది. అమ్మా నేనూ ఆరోగ్యంగా ఉన్నాం. నువ్వు అక్కడ వేళకు తింటున్నావని నమ్ముతున్నాను. మామూలుగా దీని తర్వాత ఇక్కడ అందరూ క్షేమమని రాస్తాను. ఈసారి ఆ మాట రాయలేకపోతున్నాను. కారణం కింద వస్తుంది.

గురువారం నువ్వు పంపిన ఉత్తరం ఈ మధ్యాహ్నం కొరియర్‌లో అందింది. అహ్మదాబాద్ ల్యాబులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారని రాశావు. పెట్టించుకోకపోయినా ఈ సంగతి నేను ఫోనులో చెప్పను. నీ ఫోనూ నా ఫోనూ మిల్లు ఇచ్చినవే. తాత మనల్ని కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించినప్పుడు ఇవి దేనికి పనికొస్తాయని ఏడ్చాం. ఊళ్ళో సగం మంది తెలుగు మాట్లాడతారు గాని, మిల్లు ఆఫీసులో ఈ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే ఉత్తరం.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు.

అమ్మ మోకాలు ఫరవాలేదు. మెట్లు దిగేటప్పుడే నొప్పి. డాక్టరు రాసిన మాత్రలు సగం వేసుకుంటుంది, సగం తలగడ కింద దాస్తుంది.

పై పొర అతికించే రోలరు వేడి యంత్రం నడిచినన్నాళ్ళూ నిలకడగానే ఉంది. యంత్రం చూసే శివసుబ్రహ్మణ్య గంటకోసారి చూసి చార్టులో రాసేవాడు. మూడు రోజులుగా యంత్రం ఆపేసి ఉంది. ఎందుకో కింద చదివితే నీకే తెలుస్తుంది.

మిల్లు యజమాని, మన ముదలాళి, నీ చుక్కల షీటును ఏ ఆసుపత్రికైనా పంపారా అని అడిగావు. పంపలేదు. ఆరు రోల్సూ గోడౌన్‌లోనే ఉన్నాయి. నేను వెళ్ళి చూశాను.

నాలుగోది, "బీరువాలోని కట్ పీసులు దొంగలు ఎత్తుకుపోయారని హరికృష్ణన్ ముదలాళి ఫోన్ చేశారు, ఎవరు తీసినారు?" అని. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. జరిగింది తేదీల ప్రకారం రాస్తాను.

మా ప్యాకింగ్‌లో కత్తిరించే పని చేసే పాక్కియం నీకు తెలుసు. ఆమె కూతురు కణ్మణికి పోయిన నెల ఆడపిల్ల పుట్టింది. పదో తేదీ మంగళవారం పొద్దున ఆ బిడ్డ పెదవులు బూడిద రంగుకు తిరిగాయి. గోళ్ళు కూడా. జ్వరం లేదు, దగ్గు లేదు. పాలు తాగడం మానేసింది. ఊళ్ళో డాక్టరు ఆక్సిజన్ పెట్టినా రంగు మారలేదు. వెంటనే మదురై తీసుకుపొమ్మన్నారు. మిల్లు వ్యాను నేనే అడిగి ఇప్పించి, వాళ్ళతో పాటు వెళ్ళాను.

అక్కడి డాక్టరు పాండియరాజన్ బిడ్డ కాలి నుంచి రక్తం తీశారు. అది ఎర్రగా లేదు. కాఫీ డికాషన్ రంగులో ఉంది. ఆయన దాన్ని తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి కాసేపు చూసి, వరసగా ప్రశ్నలు అడిగారు. బావి నీళ్ళు పట్టించారా, నాటు మందు ఏదైనా నాకించారా, కొత్తగా రంగు వేసిన బట్ట ఏదైనా ఒంటికి తగిలిందా.

"కొత్త గుడ్డే కట్టలేదు సార్. మిల్లు గుడ్డ, అదీ బాగా మరిగించి ఆరేసినది" అంది పాక్కియం. నా వైపు తిరిగి, "చెప్పు అక్కా. మిల్లు గుడ్డ కట్టకుండా పెరిగిన బిడ్డ మన ఊర్లో ఉందా?" అని అడిగింది.

ఆమె సంచిలో తడి లంగోటీ ఒకటి ఉంది. డాక్టరు దాన్ని విప్పి పరిచారు. నీలం చుక్కలు వరస తప్పకుండా ఉన్నాయి. కొన్ని చుక్కల అంచులు చెదిరి, చుట్టూ లేత నీలం పాకింది.

అది ఏమిటో నేను చెప్పాను. నువ్వు చేసిన వస్తువు గురించి నీకే రాయడం వింతగా ఉంటుంది, అయినా డాక్టరుకు చెప్పిన మాటలే రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. ఇది మూడు పొరల షీటు. కింద మెత్తటి బ్యాండేజీ గుడ్డ. దాని మీద చుక్కలుగా అచ్చు వేసిన రంగు పూత. పైన రంగును కదలనివ్వని సన్నటి ఫిల్ము. పుండు తడి పైకి చేరితే చుక్కలు నీలం నుంచి ఎరుపుకు మారతాయి. కట్టు విప్పకుండానే మార్చే వేళయిందని నర్సుకు తెలుస్తుంది. ఇంకా పరీక్షల్లో ఉంది, అమ్మకానికి రాలేదు.

"మరిగిస్తే ఆ ఫిల్ము ఏమవుతుంది?" అని ఆయన అడిగారు.

రంగు డ్రమ్ము మీది చీటీని ఫోటో తీసి పంపమని శివసుబ్రహ్మణ్యకు ఫోన్ చేశాను. ఫోటో చూడగానే డాక్టరు లేచి వెళ్ళి మందు తెప్పించారు. ఆ రంగు చర్మం గుండా లోపలికి పోతే రక్తం ప్రాణవాయువును మోయలేదట. నెలల బిడ్డలకు మరీ ప్రమాదమట. నరానికి ఎక్కించిన మందు కూడా నీలంగానే ఉంది. గంటలోపు పెదవులకు రంగు వచ్చింది. బిడ్డ ఏడ్చింది. అయితే బిడ్డ మెదడుకు ఎంతసేపు గాలి అందలేదో తెలియదు, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరు నాతో విడిగా అన్నారు. బిడ్డ ఇంకా మదురైలోనే ఉంది. నిన్న చూసి వచ్చాను. పిలిస్తే కళ్ళు తిప్పడం లేదు.

తిరిగి వచ్చాక నీ నోటు పుస్తకం తీశాను. గ్యాసుతో శుద్ధి చేసిన పరీక్షలు పదహారు ఉన్నాయి. చెమట, ఉప్పునీళ్ళు, ఒంటి వేడి, అన్నీ ఉన్నాయి. నీళ్ళలో మరిగించిన పరీక్ష ఒక్కటీ లేదు. ఆసుపత్రి కట్టును ఎవరు మరిగిస్తారని అనుకున్నాం. మనిద్దరం మరిగించిన మిల్లు గుడ్డలో పెరిగినవాళ్ళమే. అయినా మనకు తోచలేదు. నేనే ఒక ముక్కను గిన్నెలో వేసి చూశాను. నాలుగు నిమిషాలకు ఫిల్ము ఉల్లిపొరలా లేచి వచ్చింది. గుడ్డ మాత్రం మునుపటికంటే శుభ్రంగా కనిపించింది.

ఇక నీ నాలుగో ప్రశ్న.

ఎవరూ దొంగతనం చేయలేదు ముకుంద్. నేనే ఇచ్చాను.

ప్రతి శుక్రవారం షిఫ్టు వదిలే ముందు కట్ పీసులు ఆడవాళ్ళకు పంచడం అమ్మ పనిచేసిన కాలం నుంచీ ఉన్నదే. ఆరో తేదీ శుక్రవారం మామూలు గుడ్డ పీసులు లేవు, ఆ వారం అంతా మన షీటే నడిచింది, దాని ముక్కలు బీరువాలో ఉన్నాయి. పదకొండు మంది నిలబడ్డారు. "బీరువాలో పెట్టి పూజ చేసేదానికి అది బంగారమా అక్కా?" అని ధనం నవ్వింది. "కణ్మణి బిడ్డకైనా ఒకటి ఇయ్యి, ఎంత మెత్తగా ఉంది" అంది పాక్కియం. నువ్వు బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, అహ్మదాబాద్ ల్యాబు రిపోర్టు వచ్చేదాకా తెరవవద్దని రెండుసార్లు చెప్పావు. నీకు ప్రతిదానికీ భయమే అనుకున్నాను. తెరిచాను. తలా ఒక మీటరు, పదకొండు ముక్కలు.

దీన్ని తప్పు అనవచ్చు. తర్వాత చేసిన దానికి ఆ పేరు చాలదు.

పదకొండో తేదీ బుధవారం హరికృష్ణన్ నన్ను గదిలోకి పిలిచారు. టేబుల్ మీద పోలీస్ స్టేషన్‌కు రాసిన కాగితం ఉంది. బీరువా తాళం తీసి పదకొండు ముక్కలు ఎవరో దొంగిలించారని, బీరువా బాధ్యత చూసే నాచ్చియార్ ధ్రువీకరిస్తున్నదని.

"ఇచ్చినాము అంటే మిల్లుకు సీలు. పోయినాయి అంటే ఒక కేసు, అంతే" అన్నారు.

"ఆడవాళ్ళు ఏమవుతారు సార్?"

"పేర్లు ఎక్కడ రాసినాము? ఎవురినీ పట్టరు. నాచ్చియారమ్మా, పేటెంట్ అప్లికేషన్‌లో మొదటి పేరు మీ తమ్ముడిది. బిడ్డకు ఏదైనా అయితే మొదట అడిగేది వాణ్ణి. ఆలోచించి చెయ్యండి."

ఎక్కువసేపు ఆలోచించలేదు. సంతకం పెట్టాను. నీకోసం పెట్టానని రాస్తే నిజమే, కానీ పూర్తి నిజం కాదు. నా ఇరవై రెండేళ్ళ ఉద్యోగం కూడా ఆ కాగితం మీద ఉంది.

ఆ సంతకం ఏం చేసిందో గురువారం తెలిసింది. అంతకు ముందే, మదురై నుంచి వచ్చిన రాత్రే, ఐదు ఇళ్ళకు వెళ్ళి ఐదు ముక్కలు వెనక్కి తెచ్చాను. మూడు అప్పటికే మరిగించినవి. ఒకటి పెరుగు వడకట్టడానికి కట్టారు. ఇంకొకటి ఇడ్లీ తట్టు మీద పరిచారు. పాక్కియం ముక్క డాక్టరు దగ్గర ఉంది. మిగతా ఐదింటికి గురువారం వెళ్ళేసరికి పోలీస్ వచ్చిన మాట అన్ని వీధులకూ చేరింది. గేటు దగ్గర రోజూ సంచులు విప్పి చూపించే ఆడవాళ్ళు వాళ్ళు. దొంగతనం అన్న మాట పడితే ఈ ఊళ్ళో ఇంకో మిల్లులో కూడా పని దొరకదు. ఒక్కరూ ఒప్పుకోలేదు.

ధనం వాకిట్లోనే అడ్డంగా నిలబడింది. "ఏం గుడ్డ? నేను చూడనేలేదు."

"ధనం, నా చేత్తో ఇచ్చినాను. అది విషం. బిడ్డకు తగలనియ్యవద్దు."

"దొంగలని రాసిచ్చినది నువ్వు. ఇచ్చినాను అనేదీ నువ్వు. ఏ నాచ్చియారక్కను నమ్మేది, చెప్పు."

ఆమె వెనక పెరట్లో తాడు మీద చుక్కల గుడ్డ ఆరుతోంది. లోపల బిడ్డ తొట్టెల ఊగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ధనం మనవడికి రెండు నెలలు. నేను తాడు వైపు చూడడం ఆమె చూసి తలుపు మూసింది. శనివారం మళ్ళీ వెళ్ళాను. తాడు ఖాళీగా ఉంది. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్ళు సేత్తూరులో అన్నగారింటికి పోయారన్నారు. ఏ అన్న, ఏ వీధి అంటే తెలియదన్నారు. తక్కిన నలుగురూ పనికి రావడం లేదు.

అందుకే ఈ రోజు రెండు పనులు చేశాను. పొద్దున స్టేషన్‌కు వెళ్ళి నా మొదటి కాగితం అబద్ధమని రెండో కాగితం రాసిచ్చాను. ఇన్‌స్పెక్టర్ రెండూ పక్కపక్కన పెట్టుకుని, "ఇది మీమీదే కేసు అవుతుంది, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. సాయంత్రానికి మిల్లు నుంచి నన్ను తీసేసినట్టు కబురు వచ్చింది. నీ పేరు కూడా అడుగుతారు. నీకు ముందే తెలియాలని రాస్తున్నాను. అక్కడ రిపోర్టు మీద సంతకం పెట్టకు. ఒక గిన్నె నీళ్ళు మరిగించమని అడుగు, వాళ్ళ ముందే షీటు వెయ్యి.

రెండో పని, షేర్ ఆటో నడిపే ఇసక్కిముత్తును మైకు కట్టుకుని రమ్మన్నాను. రేపు పొద్దున ఆరు గంటలకు సేత్తూరులో మొదలుపెట్టి, చోళపురం మీదుగా మన మిల్లు వీధులన్నీ తిరుగుతాం. తమిళంలో ఒకసారి, మన మాటలో ఒకసారి నేనే చదువుతాను. చదివేది ఇంతే: "నీలం చుక్కల మిల్లు గుడ్డ బిడ్డలకు కట్టవద్దు, మరిగించవద్దు. కట్టి ఉంటే బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ గుడ్డను ఎవురూ దొంగిలించలేదు. నాచ్చియార్ అనే నేను బీరువా తెరిచి నా చేత్తో ఇచ్చినాను. దొంగలని రాసింది అబద్ధం, అది రాసిందీ నేనే."

కాగితం చదివి ఇసక్కిముత్తు తల గోక్కున్నాడు. "ఎన్ని తడవలు తిరగాలక్కా?" అని అడిగాడు.

ఐదు ముక్కలు వచ్చేదాకా అన్నాను. రాకపోతే ఎన్ని రోజులని అతను అడగలేదు.

ఇట్లు,
నువ్విచ్చిన తాళం కాపాడలేకపోయిన
నీ అక్క,
నాచ్చియార్