చిన్నోడి తలమీది మచ్చ

జనగామ, 1978, ఆదివారం.

చిల్పూర్ గుట్ట మీద కవలలిద్దరికీ పుట్టువెంట్రుకలు తీయించాం. చిన్నోడికి గుండు చేస్తూ మంగలి ఆగాడు.

"గీ మచ్చ ఎప్పటిదమ్మా? కత్తి తాకిందేమోనని భయమైంది."

ఆ మచ్చ నేనెప్పుడూ చూడలేదు. అత్తమ్మ మొహం చూశాను.

"పుట్టినప్పటిదే," అంది ఆమె.

ఇద్దర్నీ నువ్వొక్కదానివే చూసుకోలేవు, ఒకణ్ణి అత్తకు అప్పజెప్పమని కాన్పయినప్పుడు అందరూ చెప్పారు. పెద్దోణ్ణి నేను ఉంచుకున్నాను. పాలివ్వడానికి తప్ప చిన్నోణ్ణి ఎత్తుకున్నది లేదు. స్నానం, పక్క అన్నీ ఆమె దగ్గరే. అప్పుడప్పుడు పిల్లల్ని మార్చుకోవాలని ఎవరూ చెప్పలేదు. నాకైనా తోచలేదే...

ఇంటికొచ్చాక, రేపటి నుంచి చిన్నోడికి నేనే నీళ్ళు పోస్తానన్నాను.

"గట్లనే కానియ్యి బిడ్డా. జర గోరువెచ్చగుండాలె. వేడి నీళ్ళంటే వానికి భయం," అంది అత్తమ్మ.

అదీ నాకు తెలియదు.