ఉండమని వచ్చింది

నవంబర్ 4
షాబాజ్ ఫోన్ చేశాడు. నా ఆఖరి తమ్ముడు. దూరాన ఓ చిన్న దీవి దేశంలో, వేరే పెద్ద దేశపు ఫౌజు బేస్‌లో లాండ్రీ పని. యుద్ధం వచ్చేటట్టుంది, రిజైన్ చేసి రావాల్నా ఆపా అన్నాడు. ఇస్తిఖారా చదువు, ఏమొస్తే గదే చేస్త అన్నాడు.

మా ఇంట్లో అంతే. పెళ్లికైనా, ఇల్లు మారడానికైనా నేను రెండు రకాతుల నమాజు చదివి, దారి చూపమని అల్లాను అడిగి పడుకుంటాను. పొద్దున నా మనసు ఎటు మొగ్గితే అందరూ అటే.

నవంబర్ 5, పొద్దున
చదవలేదు. తొమ్మిదో క్లాసు తెలుగు పేపర్లు దిద్దుతూ వాటి మీదే నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి షాబాజ్ భార్య మరియం చాయ్ పట్టుకుని నిలబడింది. ఏమొచ్చింది ఆపా అంది. చదవలేదనడానికి నోరు రాలేదు.

ఉండమని వచ్చింది అన్నాను.

అబ్దుల్ వాహెద్ భాయ్ మాటలు మనసులో ఉన్నాయి. మా చిన్నాన్న కొడుకు. నిన్న సాయంత్రం తన గాజుల దుకాణంలో రెండు గాజులు పక్కపక్కన పెట్టి, నడిమి సందే సముద్రమని చూపించాడు. నూనె జహాజులన్నీ గీడికెళ్లే పోవాలె, గా దీవి గల్లీ మూల మీది దుకాణం అసువంటిది, గసువంటి జాగా ఎవడన్న ఇడుస్తడా అన్నాడు. షాబాజ్‌కేం ఫికర్ లేదు, మన గల్లీల స్కూటర్ల నడుమ నడిచే నీకే డేంజర్ అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నవంబర్ 9
షాబాజ్ ఫోన్. ఆఫీసర్లు తమ భార్యాపిల్లలను విమానాల్లో పంపించేస్తున్నారట. భయం లేదా సార్ అని అడిగితే, ఈ దేశం మాకు చాలా ఇంపార్టెంట్ అన్నాడట ఒకాయన. జాగా ఇంపార్టెంట్ ఆపా, మనం గాదు, అన్నాడు షాబాజ్.

నీకు ఉండమనే వచ్చింది గదా, అని మళ్లీ అడిగాడు.

అవును అన్నాను.

నవంబర్ 10
ఇస్తిఖారా చదివాను. ఏమీ రాలేదు.

నవంబర్ 14, మధ్యాహ్నం 2
బేస్ మీద మిసైళ్లు పడ్డాయి. రన్‌వే భద్రం, సైనికులంతా క్షేమం అని టీవీలో చెప్పారు. వాహెద్ భాయ్ అల్‌హమ్దులిల్లా అన్నాడు. లాండ్రీ సంగతి చెప్తలేరేంది అంది మరియం.

షాబాజ్ ఫోన్ స్విచాఫ్.

నవంబర్ 16
కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ముగ్గురు పోయారు. రెండో పేరు షాబాజ్.

సైరన్ మోగగానే సైనికులు బంకర్‌లోకి వెళ్లారట. లాండ్రీ వాళ్ల కార్డులకు ఆ తలుపు తెరుచుకోదట.

నవంబర్ 22
నిన్న శవపేటిక వచ్చింది. జనాజా అయింది. ఇల్లంతా ఆడవాళ్లు. మరియం కంట నీటిచుక్క లేదు. అందరికీ తనే నచ్చజెబుతోంది. ఆపాతోని అల్లానే ఉండమని చెప్పించిండు, ఆయన ఫైసలా ముందట నేనెట్ల ఏడుస్త, అంటోంది. వాళ్లు నా చేతులు కళ్లకద్దుకుంటున్నారు.

వాహెద్ భాయ్ మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు.

నవంబర్ 23
ఆమె ఓర్పుకు నా అబద్ధమే ఆధారం. అది లాగేస్తే ఆమెకేం మిగులుతుంది? లాగకపోతే, నా తప్పు అల్లా పేరు మీద ఉంటుంది. సజ్దాలో నుదురు ఆనించాను. ఏమని అడగాలో తెలియలేదు.

నవంబర్ 24, ఫజర్ నమాజు తర్వాత
మరియంకు చెప్పాను.

అయితే ఇగ నేను ఏడుస్త, నువ్వు బయటికి పో ఆపా, అంది.