చంపక తప్పని కాయ

జగ్గయ్యపేట

కుటుంబరావు బావగారికి గురునాథం నమస్కారాలు.

మీ యామిని, మా నాగసాయి ఒకరికొకరు నచ్చారు. నాకు మాత్రం మీరింకా అర్థం కాలేదు. మనిషి గుణం చెక్కర్స్ బోర్డు మీదే బయటపడుతుందని నా నమ్మకం. పెళ్ళిచూపుల నాడు మీ ఇంట్లో మొదలెట్టిన ఆట మేం బయల్దేరే వేళకి సగంలో ఆగింది. మీ బోర్డు కదపకండి, ఇక్కడ నేనూ అలాగే పేర్చుకున్నా. మిగతాది ఉత్తరాల్లో ఆడదాం. ఆట తేలాకే ముహూర్తం.

రూల్స్ మరోసారి చెబుతా. కాయ నల్లగళ్ళ మీదే, మూలగా, ముందుకే నడవాలి. ఎదుటి కాయ వెనక గడి ఖాళీగా ఉంటే దాని మీంచి దూకి చంపాలి. ఇప్పుడు నా నల్లకాయని మీ తెల్లకాయకి ఎదురుగా పెట్టా. వెనక గడి ఖాళీ.

మీ ఎత్తు కోసం చూస్తూ,
గురునాథం

తా.క.: ఫోన్ వద్దు. నోటిమాటగా వేసిన ఎత్తు తెల్లారేసరికి మారిపోతుంది. ఉత్తరం మా కొట్టు వ్యాన్ డ్రైవర్ మోజెస్‌కి ఇవ్వండి.

నందిగామ

బావగారికి కుటుంబరావు అనేక నమస్కారాలు.

ఆడపిల్ల తండ్రినండి. మగపెళ్ళివారి కాయని చంపడం మా ఇంటావంటా లేదు. అందుకని దాన్ని చూడనట్టే, పక్కనున్న కాయని ఒక గడి జరిపా.

మీ విధేయుడు,
కుటుంబరావు

తా.క.: పెళ్ళిమాటల మధ్య 'చంపడం' అనొద్దంటోంది మా ఆవిడ బాలామణి. 'స్వీకరించడం' అందామండి.

జగ్గయ్యపేట

బావగారికి,

మీ ఎత్తు చెల్లదు. చంపే వీలుంటే చంపి తీరాలి. ఇది మర్యాద కాదు, రూలు. వడ్డించిన విస్తరి ముందు నుంచి లేచిపోతే వడ్డించినవాడికి ఎలా ఉంటుంది? నా కాయ అక్కడే ఉంది. స్వీకరించండి.

ఓపిక తగ్గుతున్న,
గురునాథం

తా.క.: మోజెస్ చేత మీరు పంపిన సున్నుండలు అందాయి. వాటిని ఎత్తుగా లెక్కించడం లేదు.

నందిగామ

బావగారికి,

మీ మనసు గ్రహించానండి. ఇది పరీక్ష. చంపితే పొగరంటారు, చంపకపోతే రూలు తెలియదంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే ఆ తెల్లకాయనే ఒక వరస వెనక్కి తీసుకున్నా. ఇక మీ కాయకి ఎవరి వల్లా భయం లేదు.

మీ మేలు కోరే,
కుటుంబరావు

తా.క.: "పెళ్ళి నాదా, నీ కాయలదా నాన్నా" అని యామిని అడిగింది. నిన్నట్నుంచి బోర్డు చుట్టూనే తిరుగుతోంది. 

జగ్గయ్యపేట

కుటుంబరావు గారికి,

బావగారూ అనడం ప్రస్తుతానికి ఆపా. మామూలు కాయ వెనక్కి నడవదు. చివరి వరస చేరి రాజైతేనే నడుస్తుంది. మీది ఇంకా రాజు కాలేదు. మళ్ళీ వ్యాన్ వచ్చేసరికి నా కాయ చావకపోతే ఈ సంబంధం లేనట్టే.

గురునాథం

తా.క.: సున్నుండలు అయిపోయాయి. కోపానికీ దీనికీ ముడిపెట్టకండి.

నందిగామ

గౌరవనీయులైన గురునాథం గారికి,

క్షమించమనడానికి ముఖం లేదు. నేను కళ్ళజోడు తుడుచుకునే లోపు మా యామిని ఆ తెల్లకాయ ఎత్తి మీ కాయ మీంచి దూకించింది. దిగిన చోటి నుంచి ఇంకోటి, అక్కడి నుంచి మరోటి. రూలు ప్రకారమే, ఒక్క ఎత్తులో మూడండి. మా కాయ మీ చివరి వరసలో దిగి రాజైంది.

మామగారి కాయలు మూడింటిని పొట్టన పెట్టుకున్న పిల్లని ఎవరు చేసుకుంటారు? మీ అబ్బాయంటే దానికి ప్రాణం. శిక్ష నాకు వెయ్యండి, దానికి వద్దు.

తల దించుకుని,
కుటుంబరావు

తా.క.: చచ్చిన కాయలు పసుపుగుడ్డలో చుట్టి పంపుతున్నా. బాలామణి బొట్లు కూడా పెట్టింది.

జగ్గయ్యపేట

చిరంజీవి సౌభాగ్యవతి యామినికి మామయ్య ఆశీస్సులు.

నీ ఎత్తు చూశా. ఒక కాయని ఒంటరిగా వదిలేశావు. రూలు నాదే కనక చంపక తప్పలేదు. చంపి దిగాక చూస్తే, నాకు మిగిలిన రెండు కాయలూ నీ రాజు దూకే దారిలోనే ఉన్నాయి. ఆట అయిపోయింది. ఓడిపోయా.

ఆ మాట ఇంట్లో చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. మీ అత్తయ్య, నాగసాయి, ఆఖరికి మా గుమాస్తా కూడా, ఇన్నాళ్ళూ నా బీపీకి భయపడి కావాలనే ఓడిపోతున్నారట. నేనేమో ఛాంపియన్‌నని పేటంతా చెప్పుకు తిరిగా. ముందు సిగ్గేసింది. తరవాత నవ్వాపుకోలేకపోయా.

నాతో నిజంగా ఆడే మనిషి ఈ ఇంట్లో ఒకరుండాలమ్మా. ముహూర్తం మా బావగారినే పెట్టించమను. ఎంత దగ్గరైతే అంత మంచిది.

హాయిగా ఓడిన,
మామయ్య

తా.క.: నాగసాయికి ఓడిపోవడం బాగా అలవాటు కనక కాపురానికి ఢోకా లేదు.